కామా కాడ ఆగిన శాస్త్రం

వడమాలపేట మండలంలో ఒక మామిడి రైతు కొడుకు ఉన్నాడనుకుందాం. తిరుపతిలో పరిశోధన చేస్తున్నాడు. ఏళ్ల తరబడి తోతాపురి తోటల్లో ఆకులు కోసి, కాయలు తూచి, అంకెలు రాసుకుని ఒక పేపరు తయారు చేశాడు. పేరున్న విదేశీ జర్నల్‌కి పంపాడు. మర్నాడే తిరిగొచ్చింది. దాన్ని శాస్త్రవేత్త ఎవరూ చదవలేదు. జర్నళ్ల పేర్లు కుదించలేదట, సంపుటి సంఖ్యలు బోల్డులో లేవట, 250 మాటలుండాల్సిన సారాంశం 263కి పాకిందట.

"తప్పుగా రాసినావంటనా?" అన్నాడు నాయన.

"తప్పు కాదు నాయినా. చుక్క పెట్టాల్సిన కాడ కామా పెట్నానంట."

"ఆ చుక్కేదో వాళ్లే పెట్టుకోకూడదా?"

ఈ ప్రశ్నకు జవాబిచ్చే ఎడిటర్ ఇంకా పుట్టలేదు. ముందు వరసగా రూల్సు చూద్దాం. టైమ్స్ న్యూ రోమన్‌లోనే రాయాలి. 1932లో లండన్ టైమ్స్ పత్రిక ఇరుకు కాలమ్స్‌లో ఎక్కువ మాటలు పట్టించడానికి తెచ్చుకున్న అక్షరం అది. ఆ పత్రికే 1972లో దాన్ని వదిలేసింది. మన రీసెర్చి స్కాలరు మాత్రం వదలకూడదు. లైనుకూ లైనుకూ మధ్య రెట్టింపు జాగా ఎందుకయ్యా అంటే, ఒకప్పుడు ఎడిటర్లు పెన్సిలుతో కాగితం మీద దిద్దేవారు. ఇప్పుడు కాగితమూ లేదు, పెన్సిలూ లేదు, జాగా మాత్రం ఉంది. బొమ్మలన్నీ చివర్లో విడిగా పెట్టాలి. చదివేవాడు పైకీ కిందికీ స్క్రోల్ చేసుకుంటూ చావాలి.

ఈ రోగానికి మందు వెయ్యబోయినవాళ్లూ ఉన్నారు. 1978లో కొందరు వైద్య జర్నళ్ల ఎడిటర్లు కెనడాలోని వాంకూవర్‌లో కూడారు. ఒకే పేపరును ఊరికో తీరుగా మళ్లీ మళ్లీ టైపు చెయ్యనక్కర్లేకుండా అందరికీ ఒకటే పద్ధతి ఉండాలన్నారు. ఫలితంగా ఉన్నవాటికి తోడు 'వాంకూవర్ స్టైల్' అనే ఇంకో స్టైలు పుట్టింది. అమెరికా సైకాలజీ సంఘం 1929లో ఏడు పేజీల్లో చెప్పేసిన నియమాలు ఇప్పుడు 400 పేజీలు దాటాయి. మనిషి మనసు గురించి సైకాలజీకి అంత స్పష్టత ఎప్పుడొస్తుందో గానీ, కామా గురించి వచ్చేసింది.

ఇక పేరు. 'ఫ్యామిలీ నేమ్' అని ఒక గడి ఉంటుంది. మన చిత్తూరు వైపు చాలామందికి పేరు ముందు ఒకటో రెండో ఇనీషియల్స్ ఉంటాయి, అంతే. గడి ఖాళీగా వదిలితే వెబ్‌సైటు ముందుకు కదలదు. దాంతో కొందరు చివర్న ఉన్న రెడ్డినో నాయుడినో తెచ్చి అందులో కూర్చోబెడతారు. ఆపైన ఏ రెడ్డి ఏ పేపరు రాశాడో ఆ పైవాడికే తెలియాలి.

దీనికయ్యే ఖర్చు లెక్క వేసినవాళ్లున్నారు. 2019లో ప్లాస్ వన్ అనే జర్నల్‌లో వచ్చిన ఒక సర్వే 41 దేశాల్లోని 372 మందిని అడిగింది. ఒక్కో పేపరు ఫార్మాటింగుకి 14 గంటలు, మనిషికి ఏడాదికి 52 గంటలు పోతున్నాయని తేలింది. పేపరుకి 477 డాలర్ల విలువైన పని అది. తిరస్కరిస్తే ఇంకో జర్నల్, ఇంకో స్టైలు, మళ్లీ మొదట్నుంచి.

అసలు తమాషా ఇక్కడుంది. పేపరు అంగీకారమయ్యాక ఈ మార్జిన్లు, ఫాంట్లు, స్పేసింగులన్నీ ఏమవుతాయి? ఊడ్చి పారేస్తారు. పెద్ద ప్రచురణ సంస్థలు పేజీల కూర్పు పనిని ఎక్కువగా బయటి కంపెనీలకిస్తాయి. వాటిలో చాలావరకు ఉండేది చెన్నై, పుదుచ్చేరిల్లోనే. అక్కడి పిల్లలు మన ఫైలును ఎక్స్ఎంఎల్‌గా మార్చి, మొదట్నుంచి పేజీలు కూరుస్తారు. అంటే వడమాలపేటలో రాత్రంతా కూర్చుని దిద్దిన మార్జిన్‌ను, అదే హైవే మీద పుత్తూరు, నగరి దాటి 100 కిలోమీటర్ల పైచిలుకు పోతే వచ్చే ఊళ్లో ఇంకో పిల్లోడు చెరిపేస్తాడు. వాడికైనా జీతముంది.

మన ఎస్వీపురం టోల్‌గేటు మీద జనం ఎంత విసుక్కున్నా, అది డబ్బు తీసుకుని రోడ్డు చూపిస్తుంది. ఈ జర్నళ్ల గేటు దగ్గర రోడ్డు వేసేదీ మనమే, కంకర కొట్టేదీ మనమే, టోలు కట్టేదీ మనమే. పరిశోధనకు ప్రభుత్వం డబ్బిస్తుంది. రాసేవాడికి పైసా రాదు, సమీక్షించేవాడికీ రాదు. ఆ పేపర్లను మళ్లీ చదువుకోవడానికి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే పథకం కింద 30 ప్రచురణ సంస్థలకు మూడేళ్లకుగాను కేంద్రం 6,000 కోట్లు కేటాయించింది. ఇన్ని కోట్లు కడుతున్నవాళ్లు ఆ చుక్కేదో మీరే పెట్టుకోండని ఒక షరతు రాయించుకోలేకపోయారా?

చుక్కా కామా తగాదా లేకుండా ఏ పేపరైనా పుచ్చుకునే దొడ్డమనసు జర్నళ్లూ ఉన్నాయి లెండి. 2013లో జాన్ బొహానన్ అనే విలేఖరి కావాలని తప్పులతడకగా ఒక దొంగ పేపరు రాసి 304 జర్నళ్లకు పంపితే, 157 అంగీకరించాయి. హైదరాబాదులోనే పుట్టిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది, 2019లో కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది. సరైన సమీక్ష లేకుండానే ఉందని చెప్పుకోవడం, ఫీజు సంగతి ముందు దాచడం ఆ సంస్థ చేసిన తప్పులు. నిజాయతీ ఉన్న జర్నల్ కామా కాడ తరిమితే, మన పిల్లోడు చేరేది ఇలాంటి గుమ్మాలకే. పీహెచ్‌డీకి ముందు పేపరు అచ్చవ్వాలన్న నిబంధనను యూజీసీ 2022లో ఎత్తేసింది. చాలామంది గైడ్ల బుర్రల్లోంచి అదింకా పోలేదు.

చెయ్యలేని పనేమీ కాదిది. ఎల్సెవియర్ లాంటి పెద్ద ప్రచురణ సంస్థే 2011 నుంచి కొన్ని జర్నళ్లలో, మొదటిసారి ఏ రూపంలో పంపినా తీసుకుంటామని మొదలుపెట్టింది. ఆకాశమేమీ విరిగిపడలేదు. మిగతావాళ్లకు అడ్డం సాంకేతికత కాదు, వెట్టిచాకిరి ఉచితంగా దొరుకుతుండడమే.

కాబట్టి ప్రొఫెసర్లూ, ఈసారి సమీక్ష చెయ్యమని జర్నల్ నుంచి మెయిల్ వస్తే ఒక్క మాట అడగండి: పేపరును మొదట ఏ రూపంలోనైనా తీసుకుంటారా, లేదా? లేదంటే సమీక్ష చెయ్యబోమని రాయండి. ఆ జవాబు ఏ ఫాంటులో ఉన్నా పర్వాలేదు.