బ్యాక్ సీలు మామ

బిట్రగుంటలో ఏ మెకానిక్ షెడ్డు ముందు బానెట్టు లేచినా కాసేపట్లో ఒక పెద్దాయన వచ్చి నిలబడతాడు. పిలిచినవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు. చేతులు వెనక్కి కట్టుకొని, నడుం కొంచెం వంచి, ఇంజను వంక కాక దాని కింద నేల వంక చూస్తాడు. నేల మీద ఆయిలు బొట్టు కనబడిందా, ఆయనకు ఆ పూట గడిచినట్టే.

ఇలాంటి మనిషి లేని ఊరు లేదు. కాకపోతే మిగతా ఊళ్ల వాళ్లకు లేని హక్కు బిట్రగుంట మనిషికి ఒకటుంది. ఆయన లోకోషెడ్డు మనిషి. కాకుంటే లోకోషెడ్డు మనిషి కొడుకు. అదీ కాకుంటే లోకోషెడ్డు మనిషి ఇంటి పక్కన కొన్నాళ్లు అద్దెకున్నవాడు. 1899లో బెజవాడకూ మద్రాసుకూ పట్టాలు కలిశాక ఈ ఊరు ఆవిరింజన్లను నమ్ముకొని పెరిగింది. 1980 ప్రాంతంలో ఆ పట్టాల పైన కరెంటు తీగలు పడ్డాయి. ఇంజన్లకు బొగ్గుతో పనిలేకపోయింది, ఊరికి షెడ్డు లేకపోయింది. మరమ్మతు చేసే చేతులకు రైల్వే వాళ్లు పింఛనిచ్చి పంపారు. మరమ్మతు గురించి చెప్పే నోటిని రిటైర్ చేయడం మాత్రం ఏ రైల్వే బోర్డు వల్లా కాలేదు.

ఒక అయ్యవారి పాత మారుతి 800 అనుకోండి, కార్బొరేటర్ కాలంది. కావలి నుంచి వస్తుంటే రేడియేటర్లో నీళ్లు అయిపోయి, ఇంజను కాగిపోయి, అల్యూమినియం హెడ్డు చీలింది. కొత్తది కొనే స్తోమత ఉంటే ఆయన ఆ కారులో తిరగడు గనక, నెల్లూరులో పాత సామాన్ల కొట్టు నుంచి ఇంకో కారు హెడ్డు తెచ్చాడు. మెకానిక్ దాన్ని లేతులో ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి, నడిమి బోల్టుల నుంచి అంచులకు వరసగా, ఒక్కసారే కాకుండా దఫదఫాలుగా బిగించాడు. బండి స్టార్టయింది. తెల్లారేసరికి కింద పరిచిన అట్టముక్క మీద నల్లటి మరక.

మామ మరకను చూశాడు. వేలితో అద్దాడు. వాసన చూశాడు.

"బ్యాక్ సీలు పోయింది అబ్బయా. గేరుబాక్సు దించాల్సిందే."

ఆయన ఏ బండికి తీర్పు చెప్పినా ఏదో ఒకటి దించాల్సే వస్తుంది. పైన రెండు బోల్టులు బిగిస్తే పోయేదాన్ని ఆయన జబ్బుల్లో జమ కట్టడు. అలాగని ఈ తీర్పు ఊరికే నోటికొచ్చింది కాదు. బొట్టు సరిగ్గా ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట పడుతోంది. క్రాంకు వెనక సీలు ఉండేది అక్కడే. సాక్ష్యం నేల మీదే ఉంది. అయితే మిద్దె కారినప్పుడు బొట్టు పడ్డ చోటికి నేరుగా పైనే కంత ఉండదని ఇల్లున్న ప్రతివాడికీ తెలుసు. మామకూ ఇల్లుంది. కానీ ఇంటి సంగతి ఇంజను దగ్గరకు తీసుకురావడం ఆయన హోదాకు తక్కువ.

మెకానిక్ "అట్టనే మామా" అన్నాడు. బిట్రగుంట మెకానిక్ భాషలో దానర్థం నేను చేయబోయేది వేరే అని. హెడ్డు మార్చిన మర్నాడే కారడం మొదలైతే, ముట్టుకోని సీలు కన్నా ముట్టుకున్న హెడ్డునే ముందు అనుమానించాలని అతనికి తెలుసు. బ్రీదర్ పైపు ఊదిచూశాడు. అది మూసుకుపోతే లోపల గాలి బిగిసి, బాగున్న సీళ్లలోంచి కూడా ఆయిలు తన్నుకొస్తుంది. అది శుభ్రంగానే ఉంది. పిల్లాడి చేత ఇంజనంతా డీజిలుతో కడిగించి, గాలి పట్టించి ఆరబెట్టించి, ముఖానికి రాసుకొనే పౌడరు డబ్బా తెప్పించాడు.

సరిగ్గా అప్పుడే అయ్యవారు వచ్చాడు, చేతిలో గొడుగు, ముఖంలో బిల్లు. "హెడ్డు మారిస్తే ఆయిలు ఎందుకు కారాలి?" అని అడగబోయాడు. మెకానిక్ తలెత్తకుండా, "మామా, సారుకు కొంచెం చెప్పు" అన్నాడు.

ఈ మనిషిని ఏ మెకానిక్కూ ఎందుకు పొమ్మనడో ఇప్పుడు తెలిసిందా? జీతం లేని ఈ కంప్లైంట్ల ఆఫీసు లేనిదే, కోపంగా వచ్చిన కస్టమర్ ముందు పని ఒక్క అంగుళం సాగదు. మామ అయ్యవారిని వేపచెట్టు కిందికి తీసుకుపోయాడు.

"ఆవిరింజనుకు పోసిన ఆయిలు మళ్లీ వెనక్కొస్తుందా సార్? రాడ్డుకు పోస్తాం, పట్టాల మీద పడుద్ది. ఇంకోసారి పోస్తాం. కారతా ఉంటే మాకు నిశ్చింత, లోపల ఉండాదని. కారకపోతేనే భయం."

"అయితే ఇది కారినా పరవాలేదా?"

"ఎందుకు పరవాలేదు? గేరుబాక్సు దించాలి."

రెంటికీ పొత్తు కుదరలేదని అయ్యవారికి అనిపించింది గానీ, అప్పటికి మామ డబ్ల్యూజీ రకం ఆవిరింజను దాకా వెళ్లిపోయాడు. అంత కొండకు రెండే సిలిండర్లట. ఈ అగ్గిపెట్టెకు మూడా? 796 సీసీలో మూడు సిలిండర్లు పెట్టినందుకు మారుతి కంపెనీని ఆయన ఇంతవరకు క్షమించలేదు.

ఇటు పౌడరు చల్లిన ఇంజను తిరుగుతోంది. టార్చి పట్టుకొని చూస్తే తెల్లటి పౌడరు మీద ఒకే ఒక సన్నటి చార నల్లబడుతోంది. కింద కాదు, పైన. హెడ్డు చివర డిస్ట్రిబ్యూటర్ కూర్చొనే చోట. గ్యాస్కెట్ కొత్తది వేశారు గానీ, డిస్ట్రిబ్యూటర్‌కు ఉండే ఓ-రింగు పాతదే, ఏళ్ల వేడికి గట్టిపడి గాజులా విరుగుతోంది. అక్కణ్నుంచి ఆయిలు హెడ్డు అంచు పట్టుకొని, గేరుబాక్సు మీదికి దిగి, మామ చూసిన చోట బొట్టుగా పడుతోంది.

డిస్ట్రిబ్యూటర్ ఊడదీసే ముందు, టైమింగ్ తప్పకుండా అది నిలబడ్డ చోట మెకానిక్ ఒక గీత గీసుకున్నాడు. చెట్టు కింద నుంచే మామ కేకేశాడు: "పేస్టు దట్టంగా పుయ్యబ్బయా!" పేస్టు ఎక్కువైతే లోపలికి ఊడిపడి ఆయిలు జాలికి అడ్డం పడుతుంది. అందుకని మెకానిక్ "అట్టనే మామా" అని, పేస్టు లేకుండా కొత్త రింగుకు కాస్త ఆయిలు రాసి ఎక్కించాడు. రింగు ఖరీదు రెండు టీలంత. ఒక టీ మామకు ఎలాగూ అదనం.

బండి కడిగి, మళ్లీ పౌడరు చల్లి తిప్పారు. తెల్లగానే ఉంది. అయ్యవారికి ఓ-రింగు చూపించి, చార చూపించి, ఆయిలు దిగిన దారంతా వేలితో గీసి మరీ చెప్పాడు మెకానిక్. అయ్యవారు అంతా విన్నాడు, తలాడించాడు, డబ్బిచ్చాడు. మామ మళ్లీ నేల వంక చూసి, బొట్టు లేకపోవడం మీద నమ్మకం లేనట్టు, "ఇప్పటికి ఆగింది లెండి" అన్నాడు.

అయ్యవారు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తాళం తిప్పాడు. అద్దం దించి, మెకానిక్‌కు వినపడకుండా మామను దగ్గరికి పిలిచాడు.

"గేరుబాక్సు దించితే ఎంతవుద్ది మామా?"