గైడు కొనుగోలు పద్యము: టీకా తాత్పర్య విశేష సహితము

తే. అట్టఁ జూచియే గైడు నేఁ డక్క! కొనకు
లోన లెడ్జరు దారెట్లొ లోఁతుఁ జూడు
లాడ్జి గదిపన్ను శాతమ్ము లక్షణముగఁ
దేల్చి చెప్పిన బుక్కునే తెచ్చి చదువు

అవతారిక

తిరుచానూరు రోడ్డులో ఎక్కడ బస్సు దిగినా ఎదురుగా ఒక లాడ్జి ఉంటుంది. లాడ్జి అన్నాక రిసెప్షనూ, రిసెప్షను అన్నాక ఒక కంప్యూటరూ, ఆ కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేరూ. దాని ముందు కూర్చోవడానికి బీకాం అయిపోయిన అమ్మాయి ఒకతె కావాలి. ఆ అమ్మాయి ఇంటర్వ్యూకు ముందు రోజు తిరుపతికి పోయి ఒక ట్యాలీ గైడు కొంటుంది. ఏ గైడు కొనాలన్నదానికి మాత్రం శాస్త్రం లేదు. తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమే ఉంది. న్యాయం చెప్తారు, మీమాంస చెప్తారు, గైడు మీమాంస చెప్పరు. కనుక మూలమూ నేనే రాసుకున్నాను, టీకా నేనే రాస్తున్నాను. కవి హృదయం ఏమిటని ఇంకొకరిని అడిగే శ్రమ తప్పింది.

వ్యాఖ్యాతలకు పెద్ద దిక్కు మెదకు జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు ‘సంజీవని’ రాశాడు. నేటి గైడు రచయితలు ఈ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని అతి నిష్ఠగా పాటిస్తారు. తెర మీద కనబడనిది ఒక్క ముక్క రాయరు. ‘ఇక్కడ పేరు టైపు చేయుము, ఎంటర్ నొక్కుము, యస్ అనుము.’ రెండో సగాన్ని మాత్రం గాలికి వదిలేస్తారు. మౌస్ అనగానేమి, మానిటర్ అనగానేమి, మొదటి కంప్యూటరు ఎంత బరువు అని ముప్పయ్యో నలభయ్యో పుటలు నడుస్తాయి. తెర మీద ఉన్నది తెర మీదే ఉంది, కళ్ళున్న అమ్మాయికి అది చదివి వినిపించనక్కరలేదు. తెర చెప్పనిదాన్ని చెప్పేందుకే కదా డబ్బు ఇస్తున్నాం! ఈ పద్యంలో ధ్వనించే పరీక్షలన్నీ ఇందులోంచి పుట్టినవే.

ప్రతిపదార్థం

అక్క! = ఓ అక్కా (ఉద్యోగానికి సిద్ధపడి, జీఎస్టీకి భయపడుతున్నదానా); నేఁడు = ఈ రోజున; అట్టన్ + చూచియే = అట్టను మాత్రమే చూసి; గైడు = ట్యాలీ గైడును; కొనకు = కొనవద్దు; లోన = లోపలి పుటలలో; లెడ్జరు దారి + ఎట్లొ = లెడ్జరు తెరిచే మార్గం ఏ విధంగా రాసి ఉందో; లోఁతున్ + చూడు = ఆ రాతకు లోతెంతో పరీక్షించు; లాడ్జి గదిపన్ను శాతమ్ము = లాడ్జి గది మీది పన్ను శాతాన్ని; లక్షణముగన్ = ఏ తేదీ నుంచో, ఎంత అద్దెకో సహా; తేల్చి చెప్పిన = ‘నిబంధనల ప్రకారం వర్తించును’ అని జారుకోకుండా చెప్పినటువంటి; బుక్కునే = పుస్తకాన్నే (ఈ ‘ఏ’కారం చేత వాట్సాపులో వచ్చే పీడీఎఫ్ నిషిద్ధం); తెచ్చి = కొని తెచ్చుకుని; చదువు = చదువుము.

తాత్పర్యం

అక్కా, అట్ట చూసి మోసపోకు. లెడ్జరు అధ్యాయం తెరువు, గది అద్దె మీద పన్ను వెతుకు. రెండూ సరిగ్గా ఉంటే కొను.

విశేషాలు

*అక్క.* శాస్త్రగ్రంథం మొదలుపెట్టే ముందు అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగూ తేలాలని పెద్దలన్నారు. అనుబంధ చతుష్టయం అని దానికి పేరు. పద్యంలో ‘అక్క’ అన్నది అధికారిని చెప్తోంది. డెబిట్, క్రెడిట్ కాలేజీలో చదివింది, ట్యాలీ ముట్టుకోలేదు, లాడ్జిలో పని చేయబోతోంది. ఇంత నిర్దిష్టమైన మనిషి కోసం రాసిన పుస్తకం కావాలి. అట్టల మీద మాత్రం ‘విద్యార్థులకు, వ్యాపారులకు, ఆడిటర్లకు, గృహిణులకు, పోటీ పరీక్షలకు’ అని ఉంటుంది. ఇందరికి అధికారం ఉన్న శాస్త్రానికి అధికారే లేడని న్యాయం.

*అట్ట.* తాత్పర్యం నిర్ణయించడానికి మీమాంసకులు చెప్పిన ఆరు లింగాల్లో అర్థవాదం ఒకటి. అంటే స్తుతి. అట్ట అంతా అర్థవాదమే: కోటు వేసుకున్న యువతి, పైకి పోతున్న బాణం, ‘గురువు లేకుండానే 7 రోజుల్లో’. స్తుతిని చూసి విధిని నమ్మడం శాస్త్రజ్ఞుల పని కాదు. ఆ ఆరింటిలోనే ‘అపూర్వత’ కూడా ఉంది, మరోచోట దొరకనిది అని అర్థం. ట్యాలీలో హెల్ప్ నొక్కితే వచ్చేదే పుస్తకంలోనూ ఉంటే అపూర్వత లేనట్టే, అంటే పుస్తకమే లేనట్టు.

*లెడ్జరు దారి.* ఇది పద్యానికి ఆయువుపట్టు. బెంగళూరులో 1986లో పుట్టిన ట్యాలీ సంస్థ 2009లో ట్యాలీ ఈఆర్‌పీ 9 తెచ్చింది, 2020 నవంబరులో ట్యాలీప్రైమ్ తెచ్చింది. ఈఆర్‌పీలో కొత్త లెడ్జరు తెరవాలంటే గేట్‌వే ఆఫ్ ట్యాలీ నుంచి అకౌంట్స్ ఇన్ఫోకు, అక్కణ్ణుంచి లెడ్జర్స్‌కు, ఆ తర్వాతే క్రియేట్‌కు పోవాలి. ప్రైమ్‌లో గేట్‌వేలోనే క్రియేట్ ఉంది, అందులో లెడ్జర్ ఉంది. అకౌంట్స్ ఇన్ఫో అన్న మాటే తీసేశారు. ముఖ్యమైన వోచర్ల మీటలు మారలేదు, అమ్మకానికి ఎఫ్8, కొనుగోలుకు ఎఫ్9 అప్పుడూ ఇప్పుడూ అవే. అందుకని వోచర్ల అధ్యాయం చూసి లాభం లేదు, అక్కడ పాత పుస్తకం కూడా కొత్తదానిలాగే కనిపిస్తుంది. లెడ్జరు అధ్యాయమే తెరవాలి. అట్ట మీద ప్రైమ్ అనీ, లోపల ‘అకౌంట్స్ ఇన్ఫోలోనికి వెళ్ళుము’ అనీ ఉంటే, అది పాత గైడుకు కొత్త అట్ట వేసిన పని. అంగడివాణ్ణి ఏమీ అనొద్దు, మెల్లగా అరలో పెట్టేసి రా.

*లోఁతు.* లెడ్జరు తెరవగానే ‘అండర్’ అని ఒక గడి అడుగుతుంది. ఈ లెడ్జరు ఏ గ్రూపు కిందికి వస్తుందని దాని ప్రశ్న. ట్యాలీ తనంతట ఇచ్చే గ్రూపులు 28. అందులో 15 ప్రధానం, 13 ఉపగ్రూపులు. ప్రతి గైడులోనూ ఈ 28 పేర్లూ వరుసగా, అష్టోత్తరం చదివినట్టు ఉంటాయి. ఉండనీ. పరీక్ష వేరే ఉంది. తిరుచానూరు అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవాల చివరి రోజు పంచమీతీర్థం. పద్మసరోవరంలో మునగడానికి వచ్చే జనం ముందు నెలలోనే గదికి అడ్వాన్సు పంపుతారు. ఆ అడ్వాన్సు ఏ గ్రూపు? డబ్బు వచ్చింది కదా అని ఆదాయం కింద వేసేస్తే తప్పు. మనిషి వచ్చి గదిలో దిగేదాకా అది మనం బాకీ ఉన్న డబ్బు, కరెంట్ లయబిలిటీస్ కిందికి పోవాలి. ఈ ఒక్క వాక్యం, ఇది ఎందుకన్న ఇంకో వాక్యం ఉన్న గైడుకు నేను సగం మార్కులు ఇక్కడే వేసేస్తాను. రాము సోముకు సరుకు అమ్మెను, సోము రాముకు చెక్కు ఇచ్చెను అన్న లెక్కలు ఎన్ని వందలున్నా ఆ అడ్వాన్సు గడి దాటించలేవు.

*నేఁడు.* ఈ పదం యతి కోసం వేసిందని ఎవరైనా అంటారేమో. యతి కోసమే వేశాను. అయినా వ్యాఖ్యాతగా నాకిందులో గొప్ప అర్థం కనిపిస్తోంది. తొమ్మిది వందల రూపాయల గది ఒకటి తీసుకుందాం. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. అప్పట్లో వెయ్యి లోపు గదికి పన్ను లేదు. 2022 జూలై 18 నుంచి ఆ మినహాయింపు తీసేసి 12 శాతం అన్నారు, గది మీద 108 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం, 28 శాతం శ్లాబులను చాలావరకు ఎత్తేశారు. ఏడున్నర వేల దాకా గదులకు 5 శాతం చేశారు, అంటే మన గదికి 45 రూపాయలు. అదే గది, అదే మంచం, పక్కనే అదే నీళ్ళ బకెట్టు. గుడి ప్రాంగణంలో ధార్మిక సంస్థలు ఇచ్చే వెయ్యి లోపు గదుల లెక్క మళ్ళీ వేరు, వాటికి మినహాయింపు ఉంది. ఈ మూడు కాలాల్లో ఏ కాలపు గైడు ఆ కాలానికి సత్యమే. అందుకే ‘నేఁడు’. నాలుగు శ్లాబుల పట్టిక నిన్నటి దాకా వేదం, 5, 12, 18, 28 అని పిల్లలు ఎక్కాల్లా చెప్పేవాళ్ళు. ఇవాళ కొనే పుస్తకంలో ఆ పట్టికే కనబడితే మిగతా పుటలు తిప్పనక్కరలేదు.

*లక్షణముగన్.* శాతం ఒక్కటే చెప్తే సరిపోదు. ఆ 5 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ లేని 5 శాతం. దుప్పట్లు కొన్నప్పుడు, ఏసీ కొన్నప్పుడు లాడ్జి కట్టిన జీఎస్టీ ఇక ఆ గదుల లెక్కలో తిరిగి రాదు. అది దుప్పట్ల ఖర్చులోనో ఏసీ ఖరీదులోనో కలిసిపోవాలి. పాత గైడు చెప్పినట్టు ఇన్‌పుట్ సీజీఎస్టీ లెడ్జరులో పెట్టుకుంటూ పోతే నెలాఖరుకు రాని డబ్బు వస్తుందని ట్యాలీ లెక్క చూపిస్తుంది, ఓనరు సంబరపడతాడు, ఆడిటరు వచ్చాక అక్క ఏడుస్తుంది.

ఇంకొకటి. మన లాడ్జిలో దిగేవాళ్ళలో తమిళనాడు వాళ్ళు బాగా ఎక్కువ. వేలూరు వ్యాపారి తన కంపెనీ పేరు మీద బిల్లు అడుగుతాడు, జీఎస్టీ నంబరు ఇస్తాడు, అది 33తో మొదలవుతుంది. మనది 37. గైడులన్నిటిలో సూత్రం ఒకటే: వేరే రాష్ట్రం వాడైతే ఐజీఎస్టీ. సరుకు పంపేటప్పుడు అది సరే. గది మాత్రం వేలూరుకు పోదు. స్థిరాస్తికి సంబంధించిన సేవకు ఆ ఆస్తి ఎక్కడుంటే అదే సరఫరా స్థలం. గది తిరుచానూరులో ఉంది, పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ సగం సగం. వోచరులో సరఫరా స్థలం గడిని ఆంధ్రప్రదేశ్‌గా ఉంచాలని చెప్పే గైడు రాసినవాడు ఏదో ఒక రిసెప్షనులో కొన్నాళ్ళు కూర్చున్నవాడై ఉండాలి. వాడికి నా నమస్కారం.

పూర్వపక్షం

ఇక్కడ లాడ్జిలో ఎప్పట్నుంచో లెక్కలు రాస్తున్న పెద్దాయన ఒకాయన లేచి అంటాడు:

‘ఏందప్పా ఈ గోల! ఇంగ పుస్తకమెందుకు? ఫోన్లో వీడియోలు ఊరికే వస్తా ఉండాయి గదా. మేమంతా ఏ గైడు చూసి నేర్చుకున్న్యాము? పక్కన కూసోని చూసినాము, చేసినాము, అంతే.’

సమాధానం. మొదటిది, పాఠభేదం. ‘తేల్చి చెప్పిన ట్యూబునే తెచ్చి చదువు’ అని ఈయన పాఠం. ఛందస్సుకు అడ్డు లేదు. ‘ట్యూ’ ముందున్న ‘న’ గురువైతే భగణం రగణమవుతుంది, రగణమూ ఇంద్రగణమే. అన్వయమే కుదరదు. ట్యూబును తేవడం ఉండదు, చదవడం అంతకన్నా ఉండదు. రెండోది, వీడియో చూసేటప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది. పొద్దున పదిన్నరకు రిసెప్షను ముందు ఏడుగురు నిలబడి, ఒకాయన బిల్లు మార్చమంటే, ఆ ముక్క 23వ నిమిషంలో ఉందో 40వ నిమిషంలో ఉందో వెతకలేం. పుస్తకానికైతే విషయసూచిక ఉంటుంది, మడత పెట్టిన పుట ఉంటుంది. (చివర అకారాది సూచిక ఉన్న తెలుగు గైడు దొరికితే దానికి ఇంకో వంద ఎక్కువిచ్చినా తప్పు లేదు. ఎందుకో మన ప్రకాశకులకు ఆ నాలుగు పుటల మీద ప్రేమ లేదు.) పక్కన కూర్చుని నేర్చుకోవడం అన్నిటికన్నా గొప్పదని నేనూ ఒప్పుకుంటాను. అయితే పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళు ఇప్పుడు లేరు, ఈ పెద్దాయనతో సహా.

‘సరేలేప్పా, అంత రేటు పెట్టి కొనాల్నా? జిరాక్సు తీసుకుంటే పోదా?’

*తెచ్చి.* గైడు ధర మన తొమ్మిది వందల గదిలో ఒక రాత్రి అద్దెకు మించదు. పైగా అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు. పన్ను గురించి చెప్పే పుస్తకానికే పన్ను పడదన్న చమత్కారాన్ని ప్రభుత్వం తెలిసే చేసిందో తెలియక చేసిందో. అదే పుస్తకాన్ని ఈ-బుక్కుగా తీసుకుంటే 5 శాతం. జిరాక్సు గురించి ఒక్క మాట: ఎవరో మూడేళ్ళ కిందట తీయించిన స్పైరల్ కట్టలో పాత శ్లాబులు కూడా ఎంతో భద్రంగా ఉంటాయి.

*చదువు.* చదవడమంటే ట్యాలీ తెరిచి పక్కన పెట్టుకుని చదవడం. ఇంట్లో లైసెన్సు ఉండదు. ఎడ్యుకేషనల్ మోడులో తెరిస్తే నెలలో 1, 2, 31 తేదీలకు మాత్రమే వోచరు వేయనిస్తుంది. గైడులో మొదటి అభ్యాసమే ‘ఏప్రిల్ 5న రాము పెట్టుబడి పెట్టెను’. అక్క 5 అని కొడుతుంది, తీసుకోదు. మళ్ళీ కొడుతుంది. తన తప్పే అనుకుని కీబోర్డును అనుమానిస్తుంది, ఆపైన తన బీకాంను అనుమానిస్తుంది. ఈ సంగతి రాయని గైడులే ఎక్కువ. కాబట్టి అంగట్లో నిలబడే ఆఖరి పరీక్ష ఇది: అభ్యాసాల పుట తెరిచి తేదీలు చూడు. రాము పెట్టుబడి పెట్టడం, సరుకు కొనడం, అమ్మడం, చెక్కు చెల్లకపోవడం, జీతాలివ్వడం, మొత్తం వ్యాపారమంతా ఒకటో తేదీ, రెండో తేదీల్లోనే జరిగిపోతూ ఉంటే, రాసినవాడు లైసెన్సు లేని కంప్యూటరు ముందు నీలాగే కూర్చుని ఒక్కో లెక్కా వేసి చూసుకుని రాశాడని అర్థం. అక్కా, ఆ రాము దగ్గర బేరమాడొద్దు.