డాబాకు తాళం, గోడకు ఏసీ

మా రోజుల్లో ఉప్పల్‌లో చల్లగా పడుకోవాలంటే బకెట్ పట్టుకుని డాబా ఎక్కాలి బిడ్డా. పొద్దు వాలగానే బండల మీద నీళ్లు కుమ్మరించేవాళ్లం. మొదటి బకెట్‌కు సుయ్యిమని ఆవిరి లేచేది, మరో రెండు పోస్తే గానీ కాలు మోపనిచ్చేది కాదు. ఆ తర్వాత చాపలు, రంజన్‌లో నీళ్లు, పక్కింటి డాబా మీంచి కబుర్లు. తెల్లవారుజామున దుప్పటి కోసం వెతుక్కునేవాళ్లం. మీటరు మాత్రం కదిలేది కాదు.

ఇప్పుడు నాచారంలో ఏ అపార్ట్‌మెంట్ చూసినా డాబాకు తాళం, గోడ నిండా ఏసీ డబ్బాలు. ఈయన వేడిగాలి ఎదురింటి కిటికీలోకి పోతుంది, ఆ ఉక్కకు ఎదురింటాయన ఇంకో ఏసీ కొంటాడు. సాయంత్రం అందరూ ఒక్కసారే ఇల్లు చేరతారు, ఒక్కసారే 18లో పెడతారు. సరిగ్గా అప్పుడే సోలార్ కరెంటు తగ్గిపోతుంది. గల్లీ చివర ట్రాన్స్‌ఫార్మర్ ఎంతని మోస్తుంది? 2024 మే 30న దేశం మొత్తం డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది మరి!

దీనికి మందు స్మార్ట్ థర్మోస్టాట్ అంటున్నారు. కరెంటుకు గిరాకీ పెరగకముందే గదిని చల్లబరిచి, ఆ వేళకు ఒకటి రెండు డిగ్రీలు తనే పెంచుతుందట. 2021 జూన్‌లో టెక్సాస్‌లో ఓ కరెంటు పొదుపు పథకం కింద ఇళ్లలో ఇలాగే దూరం నుంచి డిగ్రీలు పెంచితే జనం గొడవ చేశారు. ఆ పథకంలో తామే చేరామన్న సంగతి కొందరికి గుర్తే లేదు! ఇంట్లో ఎంత చల్లదనం ఉండాలో ఇంటివాళ్లకే పట్టకపోతే ఎట్లా?

అయినా మా కాలపు కరెంటు కోతల్ని నేను వెనకేసుకురాను. 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెడితే కార్మికుల కూలి పోయింది. ఫీడర్ మొత్తం ఆపేసే ఆ కోత కంటే ఇంటికో డిగ్రీ సర్దుకోవడం నయమే, ఒప్పుకుంటాను.

కానీ ఆ సర్దుబాటుకు యంత్రమే రావాలా? ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతూనే ఉంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల సెట్టింగ్‌తోనే రావాలని నిబంధన. దాన్ని 18కి దించి దుప్పటి కప్పుకునేది మీరే. ఇక 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇంటి పైకప్పులు చల్లగా ఉంచమని కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మా నాయన ఏ పాలసీ లేకుండానే ఎండాకాలం ముందు డాబాకు సున్నం కొట్టించేవాడు.

ఆ థర్మోస్టాట్ కొంటే కొనుక్కో, వద్దనను. ముందు 26లో పెట్టి ఫ్యాను వేసుకో. పడమటి కిటికీకి తెర కట్టు. రాత్రి ఏడింటికి మోటరు, ఇస్త్రీపెట్టె, గీజరు అన్నీ కలిపి వేయకు. ఆ డాబా తాళం చెవి ఎవరి దగ్గరుందో వెళ్లి అడుగు.