టర్బో అన్న

2016 అక్టోబరులో జనగామ జిల్లాతో పాటే తరిగొప్పుల మండలమూ ఏర్పడింది. మండలాఫీసు వచ్చింది, బండ్లకు టీఎస్ 27 నంబరు వచ్చింది. పత్తి చేలు, వరి మళ్లు, ఎండాకాలం రాత్రుళ్లు ఊరిని నిద్రపోనివ్వని బోరు లారీలు అంతకుముందే ఉన్నాయి. ఉన్నవాటికి తోడు ఊరికొకడు చొప్పున టర్బో అన్న తయారయ్యాడు. నర్మెట్టలో ఒకడు, బచ్చన్నపేటలో ఒకడు, చేర్యాల వైపు పోతే ఇద్దరు. తరిగొప్పులలో ఉన్నవాడు వాళ్లందరికీ పెద్దన్న.

దూరం నుంచే ఆనవాలు పట్టొచ్చు. పక్కన తెల్ల స్విఫ్ట్ డీజిల్ ఉంటుంది, దాని బానెట్ లేచి ఉంటుంది, బానెట్ కింద నడుము దాకా ఒక మనిషి ఉంటాడు. ముఖం చూసినవాళ్లు తక్కువ.

అతని లోకంలో మనుషులకు పేర్లుండవు, ఇంజిన్లుంటాయి. "మా బావ కొత్త కారు కొన్నడన్నా" అని ఎవరైనా చెబితే "ఏం కారు?" అంటాడు. "ఎర్రది" అన్న జవాబు వింటే అతని ప్రాణం విలవిల్లాడుతుంది. పెళ్లిచూపులకు పోయినప్పుడు పిల్ల ఏం చదివిందో అడగలేదు. వాకిట్లో నిలబెట్టిన ఐ20 ఎన్ లైన్ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, "ఒక లీటరు టర్బో, 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్స్ ఏది తీసుకున్నరు మామా?" అన్నాడు. కాబోయే మామకు తన కారులో టర్బో ఉందన్న సంగతే ఆరోజు తెలిసింది. సంబంధం కుదరలేదు గానీ ఆ కారు గురించి అన్న ఇప్పటికీ మంచిగానే చెబుతాడు.

చాయ్ హోటల్లో బెంచీ మీద కూర్చున్నాడంటే చరిత్ర మొదలవుతుంది. 1905లో ఆల్ఫ్రెడ్ బ్యూకి అనే స్విస్ ఇంజినీరు పేటెంట్ తీసుకున్న నాటి నుంచి ఎత్తుకుంటాడు. ఇంజిన్ వదిలే పొగ ఊరికే గాలిలో కలిసిపోకుండా ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని లాగి, ఒత్తి, సిలిండర్లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండించొచ్చు, చిన్న ఇంజిన్‌తో పెద్ద పని చేయించొచ్చు. నిమిషానికి లక్షన్నర చుట్లు పైగా తిరుగుతుందని చెప్పినప్పుడు హోటలాయన చాయ్ వడపోయడం ఆపి మరీ వింటాడు.

అక్కడి నుంచి 1962కు దూకుతాడు. ఆ ఏడు అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు అమ్మకానికి వచ్చింది. ఇంజిన్ లోపల ఇంధనం వేళకు ముందే అంటుకోకుండా ఆ కారులో మిథనాల్ కలిపిన నీళ్లు పోస్తుండాలి. కొన్నవాళ్లు పోయడం మరిచారు. ఫిర్యాదులు ఎక్కువై, చివరికి కంపెనీయే ఆ టర్బోలు విప్పి మామూలు కార్బురేటర్లు బిగించి ఇచ్చింది.

"అంటే కొన్నంక నీళ్లు సూసుకోలేదన్నట్టు" అన్నాడు మూలన కూర్చున్న పెద్దాయన. "మనోళ్లే."

ఇక సొంత బండి సంగతి. 2007లో మన దేశానికి వచ్చిన స్విఫ్ట్ డీజిల్లో ఫియట్ రూపకల్పన చేసిన 1,248 సీసీ మల్టీజెట్ ఇంజిన్ ఉండేది. మారుతి, టాటా, ఫియట్ మూడూ దాన్నే రకరకాల పేర్లతో అమ్మాయి. 2020 ఏప్రిల్లో బీఎస్ 6 నిబంధన వచ్చాక మారుతి దాన్ని మానేసింది. స్విఫ్ట్‌లో దాని బలం 75 పీఎస్. అదే ఇంజిన్‌కు రెక్కలు కదిలే టర్బో బిగించి మారుతి ఎస్ఎక్స్4లో పెడితే 90 పీఎస్. మధ్యలో ఉన్న ఆ 15 పీఎస్ అన్నకు నిద్ర లేకుండా చేసింది. మామూలు టర్బో రెండు వేల ఆర్పీఎం దాకా మబ్బుగా ఉండి ఆ తర్వాత ఒక్కసారిగా తోస్తుంది. రెక్కల టర్బో అట్లా కాదు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు రెక్కలు దగ్గరికి వచ్చి పొగ దారిని ఇరుకు చేస్తాయి, పొగ వేగం పెరిగి చక్రం తొందరగా అందుకుంటుంది. వేగం పెరిగినకొద్దీ రెక్కలు విచ్చుకుంటాయి.

రెక్కల టర్బో అందనంత కాలం అన్న ఉన్న టర్బోతోనే సరిపెట్టుకున్నాడు. ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, ఇంజిన్ను నడిపే కంప్యూటరు ఈసీయూలో లెక్కలు మార్చిపోయాడు. డీజిల్ ఎక్కువ పోసుడు, గాలి ఎక్కువ తోసుడు. బండి మొదటి వారం ఉరికింది. రెండో వారం క్లచ్ జారింది. ఆ పైవారం వెనకాల నల్లటి పొగ లేచి, బండి ముందుకు పోయినంక కూడా రోడ్డు మీద అట్లాగే నిలబడింది. టర్బో ఇరుసు పలచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆయిల్ పైపు సగం పూడుకుపోయి ఉందని, ఇరుసు ఆడుతోందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఒక ఆదివారం పొద్దున ఇంటి ముందు బండి స్టార్ట్ చేశాడు. టర్బో సీలు తెగి ఇంజిన్ ఆయిల్ గాలి దారిలోకి దిగింది. డీజిల్ ఇంజిన్‌కు అదీ ఆహారమే. యాక్సిలరేటర్ నొక్కకుండానే ఇంజిన్ అరవసాగింది. అన్న తాళంచెవి తీశాడు. ఆగలేదు. తాళం ఆపేది డీజిల్‌ను, ఇంజిన్ మండిస్తున్నది తన సొంత ఆయిల్‌ను. గుప్పు గుప్పున నీలం కలిసిన తెల్లపొగ వాడను కమ్మేసింది. కోళ్లు పారిపోయాయి, జనం పోగయ్యారు. తాళంచెవి చేతిలో పట్టుకొని అన్న ఏం జరుగుతోందో జనానికి శాస్త్రీయంగా వివరించసాగాడు. వాళ్ల బాపు మాత్రం పొగలోంచి దూరి, సీట్లో కూర్చొని, ఐదో గేర్ వేసి, బ్రేకు బలంగా తొక్కి క్లచ్ వదిలాడు. బండి ఎగిరి పడి ఆగింది.

"తాళం దీసినా ఆగని బండిని ఏం జేసుకుంటవు రా?"

"బాపూ, దీన్ని రన్‌అవే అంటరు."

"నువ్వు గూడ గదే."

బేరింగులు కాలిపోయాయి. ఇంజిన్ దించాల్సిందే. జనగామ నుంచి చైన్ కప్పీ తెచ్చి వాకిట్లో వేపచెట్టు కొమ్మకు కట్టారు. ప్రమాదంలో నుజ్జయిన ఇంకో స్విఫ్ట్ నుంచి హాఫ్ ఇంజిన్, ఎవరి దగ్గరో ఎస్ఎక్స్4 రెక్కల టర్బో దొరికాయి. తమ్ముళ్లు నట్లు ఏరారు. టార్క్ రెంచ్‌ను అన్న ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇంటి తాళాలు ఇస్తాడేమో గానీ అది ఇవ్వడు.

కాగితాల గండం మిగిలింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చాలంటే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి, అనుమతి లేకుండా మారిస్తే 14 రోజుల్లో తెలపాలి. కంపెనీ ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంజిన్ నంబరు సంగతి రాయించుకుందామని బాపు అన్నను జనగామ రవాణా ఆఫీసుకు లాక్కుపోయాడు. చట్టవిరుద్ధమైన మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చని అక్కడ ఒకాయన చెప్పగానే అన్న వేళ్లు లెక్కపెట్టుకోసాగాడు. టర్బో ఒకటి, ఈసీయూ రెండు, సైలెన్సర్ మూడు... రెండో చేతికి వచ్చేసరికి బాపు ఆ చేతిని పట్టి కిందికి దించాడు.

ఇప్పుడిక బండి కొత్త ప్రాణంతో దూకాలి. దూకలేదు. మొదటిది, కొత్త రింగులు సిలిండర్‌కు సర్దుకునేదాకా మొదటి వెయ్యి కిలోమీటర్లు గట్టిగా తొక్కకూడదు. కాబట్టి అంత ఖర్చు పెట్టి కట్టిన ఇంజిన్‌తో అన్న నెలరోజులు గుడికి పోయే పెద్దమనిషిలా నడిపాడు. నర్మెట్ట దారిలో ఆర్టీసీ బస్సు దాటిపోయింది. పత్తి లోడు ట్రాక్టరు దాటిపోయింది. రెండోది, పాత ఈసీయూకు కొత్త టర్బో రెక్కలను ఎట్లా కదపాలో తెలియదు. ఆ లెక్కల ఫైళ్లు కోయంబత్తూరు ట్యూనింగ్ వాళ్ల నుంచి ఫోన్లో ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఇతను పరీక్షించి పంపాలి, వాళ్లు సరిచేసి మళ్లీ పంపాలి.

పరీక్షకు రోడ్డు కావాలి కదా! కోతల కాలంలో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి. మిగిలిన సగంలో బర్లు. అవి లేచి దారిచ్చేసరికి స్పీడ్ బ్రేకరు. మూడో గేర్లో టర్బో ఒత్తే గాలి బలం కొలవాలంటే వేకువజామున మూడింటికి పోవాలి. ఆ వేళ అన్న తమ్ముడు పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని అంకెలు చదువుతుంటే, దొంగలేమోనని కావలి రైతు టార్చి కొట్టి ఆపాడు. అన్న దిగి, టర్బో అంటే ఏమిటో 1905 నుంచి చెప్పాడు. రైతు వడ్లు వదిలి ఇంటికి పోయి పడుకున్నాడు.

అయితే ఊరికి అతనితో పని ఉంది. ట్రాక్టరు పొగ వదిలితే జనం ముందు అన్న దగ్గరికే తోలుకొస్తారు. నల్లటి పొగ అయితే గాలి చాలడం లేదు, ఫిల్టర్ చూడు. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది, రింగులో సీలో పోయింది. తెల్లగా ఉండి రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే హెడ్ ప్యాకింగ్. పైసా తీసుకోడు. అలవాటైన చెవితో పక్క వీధిలో పోయే బండి బేరింగ్ ఆడుతోందని కూడా చెప్పగలడు. ఇంటికొచ్చాక మాత్రం వెంటనే దిగడు. వేడెక్కిన టర్బో చల్లబడాలని ఇంజిన్ ఆపకుండా ఒక నిమిషం అట్లాగే కూర్చుంటాడు. వాళ్లమ్మ కిటికీలోంచి చూసి, పిల్లతో ఫోన్ మాట్లాడుతున్నాడని సంబరపడుతుంది.

మొత్తానికి ఫైల్ కుదిరింది, పొగ తగ్గింది, బండి రెండు వేల ఆర్పీఎం లోపే అందుకుంటోంది. మరుసటి రోజే అన్నకు విసుగొచ్చింది. 2020లో స్కోడా దేశం మొత్తానికి 200 మాత్రమే తెచ్చిన 245 పీఎస్ ఆక్టేవియా ఆర్ఎస్ అతని కలలోకి వస్తోంది. అది అందదు కనుక పోలో జీటీ టీఎస్ఐ అయినా చాలు. స్విఫ్ట్ అమ్మేస్తానన్నాడు. ఇంట్లో పండగ. పాత సైలెన్సర్ మళ్లీ బిగించాడు, పాత చక్రాలు తగిలించాడు. "సింగిల్ హ్యాండ్, స్టాక్ కండిషన్, ఊళ్లో మాత్రమే తిరిగిన బండి" అని ప్రకటన పెట్టాడు.

చేర్యాల వైపు నుంచి ఒక కుర్రాడు పాత ఫియట్ పుంటోలో వచ్చాడు. స్విఫ్ట్ రంగు చూడలేదు, సీట్లు చూడలేదు, రేటు అడగలేదు. స్టార్ట్ చేయించి, బానెట్‌కు చెవి ఆనించి, కళ్లు మూసుకొని విన్నాడు.

"ఎస్ఎక్స్4 టర్బో కదా అన్నా? రెక్కలకు ఎవరి ఫైల్ ఏసినవు?"

అన్న వెంటనే లోపలికి పోయి టార్క్ రెంచ్ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. మధ్యాహ్నానికి పుంటో ఇంజిన్ వేపకొమ్మకు వేలాడుతోంది. ఏం బేరం కుదిరిందని వాళ్లమ్మ అడిగితే బాపు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ అన్నాడు: "ఉన్నది పోతదనుకుంటె, ఇంకోటి ఒచ్చింది. ఆ పిలగానికి గూడ అన్నం ఒండు."