ఊర్మిళమ్మకు వర్క్ ఆర్డర్

రోజుకు తొమ్మిది గంటల పని ఇక పదవుతుందట. ఓటీతో కలిపితే పన్నెండు. మూడు నెలల ఓటీ పరిమితి 50 గంటల నుంచి ఒక్క గెంతులో 144కి. 1961 నాటి దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టానికి కర్ణాటక కార్మిక శాఖ తలపెట్టిన ఈ సవరణ మీద 2025 జూన్ 18న యాజమాన్యాలనూ సంఘాలనూ కూర్చోబెట్టి మాట్లాడారు. ఐటీ ఉద్యోగుల సంఘం కేఐటీయూ ససేమిరా అంది. సంఘాలవాళ్లతో ఎప్పుడూ ఇంతే, పురాణజ్ఞానం బొత్తిగా తక్కువ.

నిద్ర లేకుండా పనిచేసే కిటుకు త్రేతాయుగంలోనే దొరికింది కదా! అడవిలో మొదటి రాత్రి నిద్రాదేవి ఎదురొస్తే లక్ష్మణుడు సెలవు చీటీ రాయలేదు. తన వాటా నిద్రంతా అయోధ్యలో ఉన్న ఊర్మిళకు మళ్లించేశాడు. ఆవిడ పద్నాలుగేళ్లు పడుకుంది, ఈయన పద్నాలుగేళ్లు కాపలా కాశాడు. ఒకరి పని ఇంకో ఊళ్లో, ఇంకొకరి చేత, పైసా ఖర్చు లేకుండా. ఔట్‌సోర్సింగ్ మీదే మేడలు కట్టుకున్న బెంగళూరుకు ఈ ఒక్క కాంట్రాక్టు ఇన్నాళ్లూ ఎలా తప్పిపోయిందో!

2024 జూలైలో ఇదే ప్రభుత్వం ముందుకు 14 గంటల ప్రతిపాదన వచ్చినప్పుడే అనుమానించాల్సింది. పద్నాలుగు అన్న అంకె ఊరికే పడదు. ఐటీ కంపెనీల ఒత్తిడి ఉందని కార్మిక మంత్రి సంతోష్ లాడ్ అప్పుడు పైకే చెప్పారు. గొడవ జరిగింది, ఫైలు కనబడకుండా పోయింది. టామ్‌టామ్ సంస్థ 2024 లెక్క ప్రకారం ఈ ఊళ్లో పది కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 34 నిమిషాల 10 సెకన్లు పడుతుంది. ఆఫీసు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ రెండుంబావు గంటలు. పన్నెండుకు కలపండి. ఆ పాత ప్రతిపాదన ఎక్కడికీ పోలేదు, సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఇరుక్కుని ఇప్పటికి చేరింది.

కాబట్టి సవరణలో ఇంకో సెక్షన్ చేర్చాలి: ప్రతి ఉద్యోగికీ ఒక ఊర్మిళ. చేరే రోజున ఆధార్, పాన్‌లతో పాటు నిద్రకు నామినీ పేరు రాసివ్వాలి. మారతహళ్లి పీజీలో ముగ్గురితో గది పంచుకునే కుర్రాడి నిద్ర మదనపల్లెలో నాయనమ్మ పోతుంది. నాయనమ్మలు లేనివారి కోసం హిందూపురం, కుప్పం వైపు ప్రత్యేక నిద్రా మండలాలు తెరవాలి. స్థలానికి బెంగ అక్కర్లేదు. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు కేటాయించిన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నాలుగు నులకమంచాలకు కాదంటుందా? పైగా 2025 జూన్‌లోనే తమ రాష్ట్రంలోనూ తొమ్మిది గంటల పనిని పది చేయాలని నిర్ణయించింది. వాళ్లకూ త్వరలో ఊర్మిళలు కావాలి.

పకడ్బందీగా నడపాలి మరి. అమెరికా ప్రాజెక్టులవారికి పగటి ఊర్మిళలు. గురక ఆగితే వెంటనే టికెట్, పావుగంటలో జోకొట్టకపోతే జరిమానా. కలలన్నీ కంపెనీ సొత్తు, బయట చెబితే కేసు. ఏడాది చివర అప్రైజల్‌లో మేనేజరు గారు నిట్టూర్చి, “పక్క టీమ్ ఊర్మిళ పది గంటలు పడుకుంటోందయ్యా, మీ ఆవిడ ఆరింటికే లేచి కూర్చుంటోందట” అని రేటింగ్ తగ్గిస్తారు.

పెద్దలకూ ఇది నచ్చుతుంది. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో వారానికి 70 గంటలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ గారు 90కి పాడి, ఇంట్లో ఎంతసేపని భార్య మొహం చూస్తూ కూర్చుంటారని నిలదీశారు. ఊర్మిళ పథకంలో ఆ బాధే లేదు. చూద్దామన్నా ఆవిడ దుప్పటి ముసుగులోనే ఉంటుంది. 70కి పైబడిన ఇరవై గంటల నిద్రను అత్తగారికి సబ్‌కాంట్రాక్టు ఇచ్చుకోవచ్చు.

ఒక్కటే చిక్కు. మన ఆడవాళ్లు పాడుకునే ఊర్మిళాదేవి నిద్ర పాటలో, పద్నాలుగేళ్ల తర్వాత గదిలోకొచ్చిన మొగుణ్ని ఆవిడ గుర్తుపట్టదు. పరాయివాడెవడో వచ్చాడని గద్దిస్తుంది. హెచ్‌ఆర్ వారు సర్క్యులర్ పంపాలి: ఇంటికెళ్లేటప్పుడు ఐడీ కార్డు మెడలోనే ఉంచుకోవలెను.

ఇక ఊర్మిళను లేపేద్దాం. ఆ కుర్రాడి నిద్ర ఎవరూ పోరు. వాడి రక్తపోటును నాయనమ్మ మోయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. అంత పని కారణంగా ఈ రెండు జబ్బులతో 2016 ఒక్క ఏడాదిలో పోయినవారు 7,45,000 మంది అని అంచనా.

వారానికి 48 గంటల పరిమితి మారలేదు కదా అని సర్దిచెప్పేవారు ఒక్క కూడిక చెయ్యాలి. 144 గంటల ఓటీని పదమూడు వారాలకు పంచితే వారానికి పదకొండు. 48కి కలిపితే 59. ఇప్పుడున్న 50ని అలాగే పంచి కలిపితే 52 దాటదు. ప్రాణం మీదికొస్తుందని వైద్యశాస్త్రం గీసిన 55 గీతకు ఇన్నాళ్లూ ఈ చట్టం ఇవతలే ఉంది. ఇప్పుడు కార్మికులను కాపాడాల్సిన శాఖే వాళ్లను గీత అవతలికి నెడుతోంది. నలభై ఏళ్లలోపే వచ్చే గుండెజబ్బుల మీద 2017 నుంచి ప్రత్యేకంగా రిజిస్ట్రీ నడుపుతున్న జయదేవ ఆస్పత్రి ఇదే ఊళ్లో, బన్నేరుఘట్ట రోడ్డులో ఉంది. యాజమాన్యాలను పిలిచి కూర్చోబెట్టిన శాఖ మంత్రిగారు ఆ డాక్టర్లనూ పిలవాలి. 59 గంటల కాగితం వాళ్ల ముందు పెట్టి, దీనికి ఎంతమంది బలవుతారని అడగాలి. ఆ జవాబు వినకుండా 144 మీద సంతకం పెడితే, పొరపాటున పెట్టానని రేపు ఏ తల్లికీ చెప్పుకోలేరు.