కుక్క కడుపుకు ఫైబర్ పొడి: ఒళ్లు అలవకుండా పెట్టే పద్ధతి

కుక్క కడుపు బాగుండాలంటే వేళకు తిండి, మంచినీళ్లు, పొద్దున్నే నడక, నులిపురుగుల మందు కావాలంటారు. నాలుగూ చాకిరీలే. ఒక ప్రీబయాటిక్ ఫైబర్ డబ్బా కొనండి, నాలుగూ మానేయండి.

1. డబ్బా మీద రాసింది చదవకండి. లోపల ఉండేది చాలావరకు ఇనులిన్. దాన్ని చికోరీ వేరు నుంచి తీస్తారు. ఆ చికోరీని మనం ఫిల్టర్ కాఫీలో రోజూ తాగుతూనే ఉన్నాం. ఇక కుక్క బరువును బట్టి కొలత ఎందుకు? చేతికొచ్చినంత వేయండి.

2. మొదటి రోజే మొత్తం పెట్టేయండి. వారం, పది రోజులపాటు కొద్దికొద్దిగా పెంచాలని డాక్టర్లు చెబుతారు. అన్ని రోజులు గుర్తుపెట్టుకునేదెవరు? పెద్దపేగులో బాక్టీరియా ఈ పీచును పులియబెట్టి బ్యుటిరేట్ తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకు అదే బలం. మంచిదని తెలిశాక ఆలస్యం చేయకూడదు. సాయంత్రానికి పొట్ట ఉబ్బుతుంది, గ్యాస్ వస్తుంది, తెల్లారేసరికి హాలంతా మోషన్స్. పొడి బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నమాట.

3. మోషన్స్ ఆగకపోతే ఇసబ్గోల్ వేయండి. పొడిపొడిగానే వేయండి. అది నీళ్లు పీల్చుకుని జిగురుగా ఉబ్బుతుంది. నీళ్లు చాలకపోతే పేగుకు అడ్డం పడుతుంది కూడా. అయినా గిన్నె నింపడానికి మీరు సోఫా దిగనక్కర్లేదు. అడ్డం పడితే హాలు తుడిచే పని తప్పుతుంది.

4. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన గుమ్మడికాయ మంచి పీచు. కానీ కుక్క కోసం విడిగా పొయ్యి వెలిగిస్తామా? రాత్రి మిగిలిన గుమ్మడికాయ పులుసు పోసేయండి. ఉల్లిపాయ కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తుందని అత్తగారు అడ్డుపడతారు. "ముక్కలన్నీ ఏరేశానత్తయ్యా" అనండి. రసంలోకి దిగింది ఆవిడకు కనబడదు.

5. అసలు నేర్పు డాక్టరు దగ్గర చూపించాలి. వాంతులు, మలంలో రక్తం, తిండి ముట్టకపోవడం, ఇవి కనబడితే వెంటనే తీసుకెళ్లాలంటారు. మీరు ఆదివారం దాకా ఆగండి. "ఏం పెట్టారు?" అంటే "మామూలు తిండే సార్" అనండి. పొడి సంగతి ఎత్తితే కొలత అడుగుతారు. టీకాల కార్డు అడిగితే ఇల్లు మారినప్పుడు పోయిందనండి. పరీక్షకు మలం తెమ్మంటే "ఇవాళ వెళ్లలేదు సార్" చాలు. పీచుతో నులిపురుగులు చావవు, పార్వో వైరస్ ఆగదు. ఆ మాట ఆయన చెప్పేలోగా ఫోన్ వచ్చినట్టు బయటికి వచ్చేయండి.

6. నేరం మీద పడకుండా చూసుకోండి. "కింద ఎవరో బిస్కెట్లు వేశారు" అంటే అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా నమ్ముతారు. పక్క ఫ్లాట్ పిల్లలు సెలవుల్లో ఇంటి దగ్గరే ఉంటే ఇంకా మంచిది. వాచ్‌మన్ పేరు మాత్రం ఎత్తకండి, సీసీ కెమెరా చూపిస్తాడు.

ఇవన్నీ వరసగా చేస్తే వారం తిరక్కుండానే కుక్క సెలైన్ ఎక్కుతుంది. ఇంట్లోవాళ్లు మిమ్మల్ని తిండిగిన్నె దగ్గరికి కూడా రానివ్వరు. పొద్దున్నే ఆరింటి నడక మీ అబ్బాయి నెత్తిన పడుతుంది, మీరు ఎనిమిదింటి దాకా పడుకోవచ్చు. మిగిలిన పొడి పారేయకండి. మీ బావమరిది కుక్కపిల్లను తెచ్చాడు కదా, డబ్బా ఆయనకిచ్చి పద్ధతి కూడా చెప్పండి.