ఓటుకు ముందు వినబడిన తెలుగు

రైలుతోపాటే వచ్చిన తెలుగువాళ్లు తరాలుగా ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలో మాట్లాడుతున్నది తెలుగేనని బెంగాల్ మంత్రివర్గానికి 2020 డిసెంబరులో వినబడింది, అధికారిక హోదా ఇచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండా, 2021 ఏప్రిల్ 1న ఖరగ్‌పూర్ సదర్‌లో పోలింగ్! ఓట్ల కోసం వేసిన ఎర అంటారా? ఎరే. అయితే ఏం, ఎన్నికల భయం లేనిచోట ఆ ఎర కూడా దొరకదు. పైగా ఎర వేసిన తృణమూల్ ఇక్కడ 3,771 ఓట్ల తేడాతో బీజేపీ చేతిలో ఓడింది. హోదా పుచ్చుకున్నారని అందరూ ఓటు అప్పగించలేదన్నమాట.

కానీ పాలకుడికి ఆ భయం ఉండాలంటే ఓటర్ల జాబితాలో మన పేరుండాలి. 2025 నవంబరులో మొదలైన ఆ జాబితా ప్రత్యేక సవరణ, 2002 జాబితాలో మీరో మీ అమ్మానాన్నలో ఉన్నారా అని అడిగింది. చనిపోయినవారినీ, రెండేసి ఓట్లనూ తీసేయొద్దా అంటే, తీసేయాల్సిందే. శ్రీకాకుళంలో ఒకటి, ఖరిదాలో ఒకటి ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అయితే బదిలీలూ క్వార్టర్లు ఖాళీ చేయడాలూ మామూలైన ఊళ్లో రుజువు భారమంతా ఓటరు నెత్తినే పెడితే ఎలా? రైల్వే పింఛను పత్రం చెల్లుతుందన్నారు, సంతోషం. మరి ప్లాట్‌ఫారం ఊడ్చే కాంట్రాక్టు కూలీ ఏం చూపాలి, ప్లాట్‌ఫారం టికెట్టా?